వాన కాగితం

"ఎక్కడ పెట్టాలి?" అన్నాడు భర్త, పెన్ను మూత తీస్తూ. చూపు టీవీ మీదే ఉంది.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె తెచ్చి ముందుపెట్టిన ఏ కాగితం గురించైనా ఆయన అడిగిన ప్రశ్న అదొక్కటే. కూతురి టీకాల పుస్తకం, అద్దె ఒప్పందం, గ్యాసు కంపెనీకి అర్జీ, అత్తగారి కంటి ఆపరేషనుకి అంగీకార పత్రం, అన్నీ నింపేది ఆమె. ఆమె వేలు పెట్టి చూపించిన చోట ఆయన సంతకం గీసేవాడు. ఇందులో ఏముంది అని ఎన్నడూ అడగలేదు. కొత్తలో అది నమ్మకమనుకుని మురిసిపోయింది. నమ్మకం కాదని, తెలుసుకోనక్కర్లేని మనిషికి ఉండే తీరిక అని అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

"ఒకసారి చదవండి," అంది.

"నువ్వు చదివావుగా."

"నేను రాశాను. చదవాల్సింది మీరు."

"వాన కాగితమేగా. ఏటా ఉండే తంతే," అంటూ ఆయన సంతకం గీసి పెన్ను టీపాయ్ మీద పడేశాడు.

ఆమె సిరా ఆరేదాకా కాగితాన్ని చేతిలోనే ఉంచుకుంది. తర్వాత రెండు మడతలు పెట్టి కూతురి సంచిలో, లెక్కల పుస్తకానికీ టిఫిన్ డబ్బాకీ మధ్య దోపింది.

ఆ ఊళ్ళో నది ఊరి మధ్యనుంచి పోతుంది. ఏటా మూడు నాలుగు సార్లు గాలివాన ముదురుతుంది, నది పొంగుతుంది, బళ్ళు ఉన్నపళంగా మూసేస్తారు. అందుకని బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి పిల్ల చేతా ఇంటికి ఒక పసుపు కాగితం పంపుతారు. దాని అసలు పేరు అత్యవసర సమాచార పత్రం. అంత పొడుగు పేరుతో పిలిచే ఓపిక ఎవరికీ లేక అందరూ వాన కాగితం అంటారు. బడి అర్ధాంతరంగా మూసేస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాయడానికి అందులో మూడు గీతలుంటాయి. మూడు గీతలు, కింద తండ్రి సంతకం.

కూతురి బడి ఆయన ఆఫీసుకి ఆరు నిమిషాల నడక. ఆమె పనిచేసే బడి నుంచైతే రెండు బస్సులు మారాలి. ఆఫీసు దగ్గర కాబట్టి పొద్దున్నే తనే దింపుతానని ఆ బడిని ఏరి కోరి చేర్పించింది ఆయనే. ఒక నెల దింపాడు కూడా. తర్వాత వ్యాను మాట్లాడారు. మొదటి ఏడు వాన కాగితం వచ్చినప్పుడు, "నా నంబరు వద్దులే, మీటింగులో ఉంటే ఎత్తలేను," అన్నాడు. నలభై ఒక్కమంది పిల్లల ముందు నిలబడి ఉన్నప్పుడు తను మాత్రం ఎత్తగలదా అని ఆమె అడిగింది. "నువ్వూ టీచరువేగా, వాళ్ళూ టీచర్లే. మీరూ మీరూ అర్థం చేసుకుంటారు," అన్నాడు. అత్తగారు కూడా, "బడి మూస్తే నీకూ సెలవేగా అమ్మాయ్, వస్తూ వస్తూ తీసుకొచ్చెయ్," అంది. వస్తూ వస్తూ అంటే రెండు బస్సులని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి తనే, తనూ చెప్పలేదు. మొదటి గీత మీద తన నంబరు రాసింది. మిగతా రెండు గీతలూ ఖాళీగా వదిలేసింది. అలా వరసగా నాలుగేళ్ళు.

ఇక గాలివాన రోజున ఆయన ఆఫీసు కూడా తొందరగా వదిలేసేవారు. ఆయన నేరుగా ఇంటికొచ్చి, తల తుడుచుకుని, దుప్పటి కప్పుకునేవాడు. "బయట వాన పడుతుంటే పట్టే నిద్రే నిద్ర," అనేవాడు సాయంత్రం లేచాక. అప్పటికి ఆమె రెండు బస్సులు మారి, తడిసిన కూతురితో ఇల్లు చేరి, ఇద్దరి తడి చెప్పులూ గోడకి ఆనించి ఆరబెడుతూ ఉండేది.

ఈ ఏడు మొదటి గీత మీద ఆయన నంబరు రాసింది. రెండో గీత మీద ఆయన ఆఫీసు నంబరు. తన నంబరు మూడో గీత మీద.

చిన్న మార్పే. ఆ మార్పుకి ఆమెకి ఒక ఏడాదీ, ఒక అమ్మా పట్టారు.

అమ్మ కుట్టుపని మనిషి. ముప్ఫై ఏళ్ళు బడి పిల్లల యూనిఫారాలు కుట్టింది. పెరిగే పిల్లలని లోపలి వైపు రెండంగుళాల గుడ్డ ఎక్కువే మడిచి పెట్టేది. ఊపిరితిత్తులు మొరాయించాక ఆమెని వంతెన అవతల ఉన్న పెద్దాసుపత్రిలో చేర్పించారు. నిరుడు ఇదే కాలంలో, ఒక పొద్దున పదింటికి, తను క్లాసులో పాఠం చెబుతుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రాగలిగితే ఇప్పుడే రండి, అన్నారు. అంతకు మించి చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. ఆమె హెడ్మాస్టరు గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడేసరికి ఆయన ఇంకో ఫోనులో ఉన్నారు. గాలివాన హెచ్చరిక. బళ్ళు వెంటనే మూసేయమని.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. "మీ పరిస్థితి నాకు అర్థమవుతోంది టీచర్ గారూ. మీ క్లాసు ఖాళీ అయిన మరుక్షణం వెళ్ళిపోండి, రిజిస్టరు కూడా నేనే చూసుకుంటా," అన్నారు. ఆ బడిలో నియమం అది. చివరి పిల్ల గేటు దాటేదాకా క్లాసు టీచరు కదలకూడదు. నియమం అందరికీ ఒకటే గానీ, పెద్ద తరగతుల పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పోగలరు, ఆ తరగతులకి చెప్పేది మాస్టర్లు. కాబట్టి గంట కొట్టిన పావుగంటకి మాస్టర్లు ప్యాంట్లు మడుచుకుని స్కూటర్లు తీసేవారు. చిన్న తరగతులకి చెప్పే ఆడవాళ్ళు వరండాలో పిల్లల్ని లెక్కపెడుతూ ఉండిపోయేవారు. నియమం ఎవరికీ అన్యాయం చేయలేదు, కాగితం మీద చూస్తే.

ఆమె భర్తకి ఫోన్ చేసింది. అమ్మ సంగతి చెప్పింది. మీరైనా ఆసుపత్రికి వెళ్ళండి, లేదా పాపనైనా తీసుకురండి, అంది. అప్పటికే కూతురి బడి నుంచి ఆమెకి రెండు సార్లు ఫోన్ వచ్చింది. "ఆఫీసు ఇప్పుడే వదిలారు. ఈ వానలో నేను అంత దూరం ఎలా వెళ్తాను, నువ్వే ఎలాగూ వెళ్తావుగా. పాప సంగతి వాళ్ళు నీతోనే కదా మాట్లాడేది, చూసుకో," అన్నాడు. చివరికి పాపని పాప స్నేహితురాలి తల్లి తీసుకెళ్ళింది. ఇంకొక ఆడమనిషి.

ఒంటిగంటకల్లా నలభైమంది పిల్లలు వెళ్ళిపోయారు. ఒక్కతే మిగిలింది. మనిషి పిడికెడంత ఉంటుందని తోటిపిల్లలు పిచ్చుక అని పిలిచే అమ్మాయి. కాగితంలో మొదటి గీత మీద వాళ్ళమ్మ నంబరుంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. రెండో గీత ఖాళీ. మూడో గీత ఖాళీ. రెండయింది, మూడయింది. పిచ్చుక బెంచీ మీద కాళ్ళు ఊపుతూ, "మీ ఇంట్లో ఎవరూ లేరా టీచర్? మీకోసం కూడా ఎవరూ రాలేదే," అంది. మూడున్నరకి వంతెన మూసేశారని వాచ్‌మన్ చెప్పాడు. నాలుగు దాటాక పిచ్చుక తండ్రి వచ్చాడు, ఇంటికెళ్ళి తాళం చూసుకుని, గాబరాపడి. "నాకెవరూ చెప్పలేదండీ," అన్నాడు. ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు బడికి రెండు వీధుల అవతల. ఆమె రోజూ ఆ బోర్డు కిందనుంచే నడిచి వస్తుంది.

అమ్మ ఆ సాయంత్రం ఆరున్నరకి పోయింది. వంతెన మర్నాడు మధ్యాహ్నం తెరిచారు.

"వెళ్ళి మాత్రం ఏం చేసేదానివమ్మా, డాక్టర్లే ఏమీ చేయలేకపోయారు," అంది అత్తగారు. "వాన మన చేతిలో ఉందా," అన్నాడు భర్త, ఓదార్పుగానే. ఆమె తల ఊపింది. వాన ఎవరి చేతిలోనూ లేదు. కానీ తిరిగి బడికొచ్చిన రోజు బీరువా తీసి పిచ్చుక వాన కాగితం వెతికింది. ఖాళీ గీతల పక్కన ఎర్ర సిరాతో టిక్కు ఉంది. సరిచూశాను, సరిపోయింది, అని. ఆ టిక్కు తను పెట్టిందే. ఎన్నో ఏళ్ళుగా తల్లి నంబరు ఒక్కటి ఉంటే చాలు, సరిపోయింది అని వందల కాగితాల మీద టిక్కులు పెట్టిన చెయ్యి అది. వాన చేతిలో లేదు గానీ కాగితం చేతిలోనే ఉండింది.

తర్వాత పదిరోజులకి, బడి వదిలే వేళకి, గేటు దగ్గర ఒకామె ఆగింది. చేతిలో కవరు ఉంది.

"మీరు పిచ్చుక వాళ్ళ టీచర్ కదండీ. నేను వాళ్ళమ్మని. పెద్దాసుపత్రిలో నర్సుని." కాస్త ఆగి, "ఆరో నంబరు బెడ్ మీ అమ్మగారిదని నాకు నిన్ననే తెలిసిందండీ. రికార్డులో మీ పేరు చూశాను. ఇవి దిండు కింద ఉండిపోయాయి," అని కవరు ఇచ్చింది. అందులో అమ్మ కళ్ళజోడు. ఒక కాడకి కుట్టుదారం చుట్టి ఉంది.

"ఆ రోజు రెండింటికి నా డ్యూటీ అయిపోవాలండీ. నా తర్వాత రావాల్సినామె వానకి ఇవతలే ఉండిపోయింది. వార్డు వదిలి రాలేను కదా. ఫోన్లు లాకర్లో పెట్టేయాలి, పాప గుర్తొస్తూనే ఉంది గానీ ఏం చేయను. మీ అమ్మగారు నా చెయ్యి వదల్లేదు. మా అమ్మాయి వచ్చిందా అని అడిగారు. కబురెళ్ళింది, వస్తున్నారన్నాను. దానికావిడ..."

"ఏమంది?"

"'వానకి బడి మూసేసుంటారు. పిల్లలందరూ వెళ్ళేదాకా అది కదలదు. అందరూ వెళ్ళాక వస్తుందిలే' అన్నారండీ. నాకే ధైర్యం చెప్పినట్టు చెప్పారు."

నీ కూతురి దగ్గర నేను, నా తల్లి దగ్గర నువ్వు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

"మీ ఆయన ఆ రోజు..." అంది టీచరు.

"ప్రెస్సులోనే ఉన్నాడండీ. కరెంటు లేదని పొద్దుట్నుంచీ క్యారమ్స్ ఆడుతూ కూర్చున్నారంట," అంది నర్సు. ఆ చెప్పడంలో కోపం కూడా లేదు. ఎండెక్కువగా ఉంది అన్నట్టు చెప్పింది.

ఆ రాత్రి టీచరు ఏడవలేదు. దారం చుట్టిన కళ్ళజోడుని తన బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడుపు అప్పటికే అయిపోయింది. ఇది వేరే ఏదో. దానికి పేరు వెతకడానికి ఆమె తొందరపడలేదు.

ఈ ఏడు బడి తెరిచారు. ఆ బడిలో చిన్న తరగతుల పిల్లలతో పాటే టీచరు కూడా పై తరగతికి వస్తుంది, కాబట్టి అదే నలభై ఒక్కమంది. కొత్త వాన కాగితాలు పంచుతూ ఆమె బోర్డు మీద రాసింది: మూడు గీతలూ నింపాలి. బడికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళ నంబరు మొదటి గీత మీద.

మర్నాడు వచ్చిన వాటిలో ఇరవై తొమ్మిది కాగితాల మీద తల్లి నంబరు ఒక్కటే ఉంది. ఇరవై తొమ్మిదీ వెనక్కి పంపింది. తండ్రి లేని పిల్లలు ముగ్గురున్నారు. వాళ్ళ తల్లుల్ని విడిగా పిలిచి, మీకు ఎవరి మీద నమ్మకముందో చెప్పండి అని అడిగి, మేనమామలవీ పక్కింటివాళ్ళవీ నంబర్లు తనే రాసుకుంది. మిగతావి రెండోసారి కూడా అలాగే వస్తే రెండోసారి కూడా పంపింది.

నాలుగో రోజు హెడ్మాస్టరు పిలిచారు. "తండ్రులు గొడవ చేస్తున్నారు టీచర్ గారూ. ఇది మన రూల్లో లేదు కదా."

"కాగితం మీద మూడు గీతలు అచ్చేశాం సార్. నింపడానికే కదా."

"అంటే, అవసరమైతే..."

"అవసరమైంది సార్, నిరుడు."

ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్‌ని అటు తిప్పి ఇటు తిప్పి, కాగితాల దొంతర మీద పెట్టారు.

తండ్రులు వచ్చారు. ఒక్కొక్కరే, జబ్బు సర్టిఫికెట్టు కోసం వచ్చినట్టు. చెప్పుల దుకాణం ఆయన మరీ బతిమాలాడు. "నిజం చెప్పాలంటే మేడమ్, మావాడు ఏ సెక్షనో కూడా నాకు తెలీదు. నన్నెందుకు ఇరికిస్తారు."

"ఇది నింపండి, తెలుస్తుంది. కాగితం పైన మొదటి ప్రశ్న సెక్షను గురించే."

ఇంకొకాయన, నాకు ఫోన్ చేస్తే మా ఆవిడ నొచ్చుకుంటుందేమో, పిల్లల విషయాలన్నీ తనే చూసుకోవాలని తనకి పట్టుదల, అన్నాడు. ఆమె తలెత్తి చూసింది. "అడిగి చూశారా?" అంది. ఆయన అడగలేదు. మర్నాడు మూడు గీతలూ నింపి పట్టుకొచ్చాడు, అడిగాడో లేదో మాత్రం చెప్పలేదు.

అందరికన్నా ఆఖర్న పిచ్చుక తండ్రి వచ్చాడు. గోళ్ళ చుట్టూ నల్లసిరా. ఊళ్ళో సగం బళ్ళ వాన కాగితాలు అచ్చయ్యేది ఆయన ప్రెస్సులోనే.

"ప్రెస్సులో ఫోన్ వినబడదండీ, మిషను మోత."

"మిషను ఆగినప్పుడు వినబడుతుంది కదండీ. కరెంటు పోయిన రోజున."

ఆయన తల దించుకున్నాడు. తనే అచ్చేసిన గీత మీద, మొదటిసారి, తన నంబరు రాశాడు. చెయ్యి తుడుచుకున్నా అంచున బొటనవేలి ముద్ర పడింది. "వేరే కాగితం ఇవ్వమంటారా?" అన్నాడు. అక్కర్లేదంది టీచరు. అది అలాగే ఉండనివ్వాలనిపించింది ఆమెకి.

గాలివాన ఆరు వారాల తర్వాత వచ్చింది. పొద్దున్నించీ ఆకాశం పలక రంగులో ఉంది. పదకొండుంపావుకి గంట కొట్టారు, మధ్యలో ఆగకుండా, మూసేస్తున్నామని గుర్తు. ఆమె పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టి, కాగితాల దొంతర ముందేసుకుని ఫోన్ తీసింది.

"వాళ్ళమ్మకి చేయండి మేడమ్, నేను దుకాణంలో ఉన్నా," అన్నాడు చెప్పులాయన.

"వాళ్ళమ్మగారు మూడో గీతండీ. మీరు మొదటి గీత. పది నిమిషాల్లో రండి, గేటు దగ్గర నీళ్ళు చేరుతున్నాయి."

వచ్చారు. గొడుగులు లేకుండా, ప్లాస్టిక్ సంచులు నెత్తికి కట్టుకుని, ఒకాయన అట్టపెట్టె కప్పుకుని. తమ పిల్ల ఏ వరసలో కూర్చుందో తెలియక వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి పేర్లు పిలుచుకుంటూ తిరిగారు. చెప్పులాయన కొడుకు వాళ్ళ నాన్నని చూసి, ఎవరికో ఏదో అయిందనుకుని ఏడుపు మొదలెట్టాడు. "ఏం కాలేదురా, వాన పడుతోంది, నిన్ను తీసుకెళ్దామని వచ్చా, అంతే," అని ఆయన వాణ్ణి ఎత్తుకుని, ఇబ్బందిగా నవ్వాడు. అటు పక్క క్లాసు టీచరు ఇదంతా చూస్తూ నిలబడింది. "ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎక్కడున్నారే," అంది మెల్లగా.

"ఇక్కడిక్కడే," అంది ఆమె.

పన్నెండూ ఐదుకి భర్త ఫోన్ చేశాడు.

"పాప బడివాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారేంటి? ఇది రెండోసారి."

"మొదటి గీత మీద మీ నంబరుంది."

"ఎవరు రాశారు?"

"నేను రాశాను. మీరు సంతకం పెట్టారు."

"నాకు చెప్పాలి కదా."

"చదవమన్నాను."

"సరే, ఇప్పుడు నువ్వు బయల్దేరితే..."

"నేను రెండు బస్సులు మారాలి. మీరు ఆరు నిమిషాలు నడవాలి. నా ముందు ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు, ఉంటాను." ఆమె గొంతు పెంచలేదు. ఫోన్ పెట్టేసి తర్వాతి కాగితం తీసింది.

పిచ్చుక తండ్రి పన్నెండుంపావుకే వచ్చాడు, ప్రెస్సులో అందరికన్నా ముందు బయల్దేరానని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. కూతురికి రెయిన్‌కోటు తిరగేసి తొడిగాడు. "అది ఇటు కాదు నాన్నా," అంది పిచ్చుక, అలాగే తొడుక్కుని వెళ్ళిపోయింది.

పన్నెండూ యాభైకి వరండా ఖాళీ అయింది.

టీచరు రెండోసారి లెక్కపెట్టుకుంది. నలభై ఒక్క టిక్కులు. గోడ గడియారం కేసి చూసింది. తరగతిలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది, నిరుడు పిచ్చుక కాళ్ళు ఊపుతూ కూర్చున్న బెంచీ మీద. నిరుడు ఈ వేళకి ఖాళీ అయ్యుంటే. వంతెన మూడున్నరదాకా తెరిచే ఉంది. బస్సు ఇరవై ఐదు నిమిషాలు. అంటే ఒకటిన్నరకల్లా ఆరో నంబరు బెడ్ దగ్గర ఉండేది. అమ్మ చెయ్యి పట్టుకుని ఐదు గంటలు. ఐదు గంటలు చాలా ఎక్కువ సమయం, ఒక మనిషి ఇంకో మనిషికి ఏమీ చెప్పకుండా ఊరికే కూర్చోవడానికి కూడా సరిపోయేంత. ఆ ఐదు గంటలూ ఎవరో లాక్కున్నారని చెప్పడానికి లేదు. లాక్కున్నవాళ్ళెవరూ లేరు. ఖాళీ గీతలు, అంతే. ఒకాయన క్యారమ్స్ ఆడాడు, ఒకాయన దుప్పటి కప్పుకున్నాడు, ఇంకొకాయన నియమం చెప్పాడు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఇందరు మంచివాళ్ళ మధ్య తన తల్లి ఒంటరిగా పోయింది.

కాదు, ఒంటరిగా కాదు. అమ్మ వదలని నర్సు చెయ్యి గుర్తొచ్చి ఆమె లేచి నిలబడింది.

వంతెన అవతల ఒక తల్లి ఇప్పుడు ఫోను లాకర్లో పెట్టి, కిటికీలోంచి వాన చూస్తూ మందులిస్తూ ఉంటుంది. తన కూతురు ఎక్కడుందో ఆమెకి ఎవరు చెప్తారు?

బస్టాండులో కండక్టరు, "అవతలికి ఇదే ఆఖరి బస్సు కావచ్చమ్మా, ఆలోచించుకోండి," అన్నాడు. ఆలోచించుకున్నానంటూ ఆమె ఎక్కింది. వంతెన మీద బస్సు మెల్లగా పోతుంటే నది ఎర్రగా, స్తంభాల నడుం దాకా ఉంది. ఏడాదిగా ఆమె ఈ వంతెన ఎక్కలేదు. అవతల ఏ పని ఉన్నా మానుకుంది. కళ్ళు మూసుకోవాలనుకుంది గానీ మూసుకోలేదు.

వార్డు గుమ్మంలో ఆమెని చూడగానే నర్సు చేతిలో ట్రే అలాగే ఆగిపోయింది. బడి టీచరు వానలో వంతెన దాటి వచ్చిందంటే తల్లికి ఏమనిపిస్తుందో టీచరుకి అప్పుడు గానీ తట్టలేదు. గబగబా దగ్గరికెళ్ళింది.

"పాప ఇంటికెళ్ళిపోయింది. పన్నెండుంపావుకే. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళారు."

"ఆయనా?"

"ఆయనే. రెయిన్‌కోటు తిరగేసి తొడిగారు."

నర్సు ట్రే కింద పెట్టి, బల్ల అంచు పట్టుకుని, నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇది చెప్పడానికి వచ్చారా?"

"ఇది చెప్పడానికీ," అంది టీచరు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆమె గుమ్మం బయటికి వచ్చి ఎత్తింది.

"పాపని తీసుకొచ్చా," అన్నాడు భర్త. గొంతులో ఏదో గెలిచొచ్చిన అలసట. "తడిసింది. పొడి టవళ్ళెక్కడ? ఆకలంటోంది, ఏం పెట్టాలి? నువ్వు ఎంతలో వస్తావు?"

పదకొండేళ్ళుగా ఆమె ఎక్కడున్నా ఆ ఇంటి పటం ఆమె నోట్లో ఉండేది. టవళ్ళు మంచం కింది సొరుగులో, పాలు వెనక అరలో, జ్వరం మందు ఫ్రిజ్ తలుపులో. అడిగినవాళ్ళకి అడిగినంత సేపట్లో అప్పజెప్పేది. ఇప్పుడూ నాలుక మీదికి వచ్చింది. మింగేసింది.

"వెతకండి, దొరుకుతాయి. నేను పెద్దాసుపత్రిలో ఉన్నాను."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. నిరుడు రావాల్సింది, ఇవాళ వచ్చాను."

"అయ్యో, ఈ వానలో... వంతెన మూసేస్తే?"

"మూసేస్తే రేపు వస్తాను."

అవతల ఫోను చేతులు మారింది. అత్తగారు. "ఎక్కడున్నావమ్మాయ్?" అంది. చెప్పింది. ఏదో ఒకటి అంటుందని ఆమె ఎదురుచూసింది, దానికి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకుంది. "గొడుగు ఉందా నీ దగ్గర?" అంది అత్తగారు. ఉందంది. "సరే," అని ఆవిడ పెట్టేసింది.

నర్సు గుమ్మంలో నిలబడి ఉంది. "వార్డులోకి ఫోన్లు కుదరవండీ. బయటే..."

"మీ లాకర్లో చోటుందా?" అంది టీచరు.

నర్సు ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, మెడలోని తాళంచెవి తీసింది. గోడకున్న చిన్న ఇనప తలుపు తెరుచుకుంది. లోపల నర్సు ఫోను, ఒక దువ్వెన, పిచ్చుక ఫోటో. పక్కన తన ఫోను పెట్టింది టీచరు. తలుపు మూసుకుంది. ఆమెకి తెలిసినంతలో, పెళ్ళయిన తర్వాత ఆమెని ఎవరూ పిలవలేని మొదటి మధ్యాహ్నం అది.

ఆరో నంబరు బెడ్ మీద ఇప్పుడు ఎవరో పెద్దావిడ ఉంది. ముక్కుకి గొట్టం, కళ్ళు సగం మూసుకుని ఉంది. పక్కన స్టూలు ఖాళీగా ఉంది. టీచరు దాన్ని దగ్గరికి జరుపుకుని కూర్చుంది. బయట వాన గట్టిగా పట్టుకుంది. ఎక్కడో దూరంగా వంతెన మూసేస్తున్న సైరను మోగింది.

పెద్దావిడ కళ్ళు తెరిచి, ఎవరా అన్నట్టు చూసింది. "బళ్ళన్నీ మూసేశారంటగా తల్లీ," అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "మరి నువ్విక్కడున్నావేంటి?"

టీచరు ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"పిల్లలందరూ వెళ్ళిపోయారండీ," అంది. "అందుకే వచ్చాను."